ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్‌లో కెర్ ప్రభావం కనపడటం లేదంటే

ఒంగోలులో ఎంఎస్సీ ఫిజిక్స్ రెండో ఏడు చదువుతున్న అమ్మాయి ఇలా అడిగింది: "ద్రవాల మీద విద్యుత్ క్షేత్రం పెడితే వాటి వక్రీభవన గుణకం మారుతుందని ప్రాజెక్టు తీసుకున్నాను. 10 సెంటీమీటర్ల పొడవున్న రెండు అల్యూమినియం ప్లేట్లు, మధ్యలో 3 మిల్లీమీటర్ల సందు, కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్, ఎర్ర లేజర్ పాయింటర్, అటూ ఇటూ క్రాస్ చేసిన పోలరాయిడ్లు. 5 కిలోవోల్ట్ల డీసీ ఇచ్చినా చుక్క ఏమాత్రం వెలగడం లేదు. మా సార్ నైట్రోబెంజీన్ తెప్పిద్దామంటున్నారు. ఏం చేయమంటారు?"

అమ్మా, ముందు ఆ నైట్రోబెంజీన్ ఆర్డరు ఆపించు. దాని సంగతి చివర్లో చెబుతా.

రెండో మాట. నీ సెట్టింగ్‌లో తప్పేమీ లేదు. వెలుగు కనపడకపోవడమే సరైన ఫలితం. కనపడింది అని రాసి ఉంటే నేను అనుమానించేవాణ్ణి. ఎందుకో నీ అంకెలతోనే లెక్క చూద్దాం.

జాన్ కెర్ 1875లో చెప్పింది ఏమిటంటే, క్షేత్రం దిశలో ధ్రువణం ఉన్న కాంతికీ, దానికి అడ్డంగా ధ్రువణం ఉన్న కాంతికీ వక్రీభవన గుణకాలు వేరైపోతాయి, ఆ తేడా క్షేత్రం వర్గానికి అనుపాతంలో ఉంటుంది అని. తేడా అంటే తరంగదైర్ఘ్యం ఇంటూ కెర్ స్థిరాంకం ఇంటూ క్షేత్రం వర్గం. కెర్ పెద్ద ప్రయోగశాల ఉన్నాయన కూడా కాదు, గ్లాస్గోలో టీచర్లకు శిక్షణ ఇచ్చే కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. ముందు గాజులో చూశాడు, తర్వాత ద్రవాల్లో.

వర్గం ఎందుకు వచ్చిందో మాత్రం వైవాలో తప్పకుండా అడుగుతారు. అణువు గుండ్రంగా ఉండదు, దాని ఎలక్ట్రాన్ మబ్బు ఒక వైపు తేలిగ్గా సాగుతుంది, ఇంకో వైపు సాగదు. క్షేత్రం పెడితే బాగా సాగే వైపు క్షేత్రం దిశకు తిరగాలని చూస్తుంది. ఇంతలో వేడి దాన్ని కుదిపి చెదరగొడుతూనే ఉంటుంది. ఈ పెనుగులాటలో మిగిలే కాస్త ఒరుగుడే మనం కొలిచేది. ప్లస్ మైనస్ తిరగేసి పెట్టినా ఆ ఒరుగుడు అదే, అందుకే బేసి ఘాతాలకు చోటు లేదు. ఈ ఒరుగుడు లెక్క 1910లో లాంజెవిన్ కట్టాడు. అణువుకు శాశ్వత ద్విధ్రువం కూడా ఉంటే ఏమవుతుందో 1918లో బోర్న్ చేర్చాడు. 1927లో మన రామన్, కె.ఎస్. కృష్ణన్ ద్రవాల్లో విద్యుత్ వల్లా అయస్కాంతం వల్లా వచ్చే ద్వివక్రీభవనం (పైన చెప్పిన రెండు గుణకాల తేడా) మీద తమ సిద్ధాంతం రాశారు. ప్రాజెక్టు రిపోర్టు మొదటి అధ్యాయానికి ఇంత చాలు. దాన్ని నలభై పేజీలు చేయొద్దు.

ఇప్పుడు లెక్క. 5 కిలోవోల్ట్లు, 3 మిల్లీమీటర్లు అంటే మీటరుకు 16.7 లక్షల వోల్ట్లు. ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్‌కి కెర్ స్థిరాంకం 10⁻¹⁵ స్థాయిలో ఉంటుంది. నేను అంచనాకి 2.5×10⁻¹⁵ (మీటర్లు, వోల్ట్ల వర్గంతో భాగిస్తే) వాడతాను. ఫేజ్ తేడా అంటే 2 పై ఇంటూ స్థిరాంకం ఇంటూ పొడవు ఇంటూ క్షేత్రం వర్గం. వేసి చూడు, 0.0044 రేడియన్లు వస్తుంది. అంటే పావు డిగ్రీ.

పావు డిగ్రీ మరీ చిన్నదేమీ కాదు, కొలవొచ్చు. చిక్కంతా నువ్వు దాన్ని చూస్తున్న చోట ఉంది. క్రాస్ చేసిన పోలరాయిడ్ల మధ్య నుంచి బయటికొచ్చే కాంతి, ఫేజ్‌లో సగానికి సైన్ వర్గం. 0.0022 వర్గం చేస్తే పది లక్షల్లో 5 వంతులు. నీ పోలరాయిడ్ షీట్లు క్రాస్ చేసి ఉన్నా వాటి గుండా కారిపోయే కాంతే పదివేలలో ఒక వంతో అంతకన్నా ఎక్కువో ఉంటుంది. ఆ కారే కాంతి పక్కన నీ సిగ్నల్ ఇరవయ్యో వంతు కూడా లేదు. పైగా క్షేత్రం వర్గం మీద మళ్లీ వర్గం, అంటే వోల్టేజి సగం చేస్తే సిగ్నల్ పదహారో వంతుకు పడిపోతుంది. కంటితో ఏం కనపడుతుంది చెప్పు.

కాబట్టి చీకట్లో వెతకడం మానేయాలి. సగం వెలుగు ఉన్న చోట నిలబడి, ఆ వెలుగు ఎంత అటూ ఇటూ ఊగుతోందో చూడాలి. ఆ చోట ఊగుడు ఫేజ్‌కి నేరుగా అనుపాతం, వర్గం ఉండదు. పది లక్షల్లో 5 కాస్తా వెయ్యిలో 4 అవుతుంది. అక్కడికి తీసుకెళ్లేది క్వార్టర్ వేవ్ ప్లేటు, అంటే రెండు ధ్రువణాల మధ్య పావు తరంగం తేడా తెచ్చే పలక.

నువ్వు ఈ వస్తువు కోసం క్యాటలాగులు తిరగేసి ధర చూసి బెదిరిపోకు. మీ పక్క జిల్లాలోనే నేల మీద దొరుకుతుంది. నెల్లూరు అభ్రకం, మా ఊళ్లలో కాకిబంగారం అంటాం. గూడూరు, సైదాపురం చుట్టుపక్కల పాత గనుల దగ్గర కుప్పల్లో ముక్కలు ఇప్పటికీ మెరుస్తూ కనపడతాయి, కాస్త ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. అభ్రకం దానంతట అదే ద్వివక్రీభవనం ఉన్న ఖనిజం. పొర తలానికి లంబంగా కాంతి పోతే రెండు గుణకాల తేడా 0.004, 0.005 మధ్య ఉంటుంది. 650 నానోమీటర్ల ఎర్ర కాంతికి పావు తరంగం తేడా రావాలంటే పొర మందం 0.035 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. ముక్కముక్కకీ తేడా మారుతుంది కాబట్టి మందం అంకెను గుడ్డిగా నమ్మొద్దు.

చేసే పద్ధతి చెబుతా. గీతలు, మరకలు లేని రూపాయి బిళ్లంత ముక్క తీసుకో. ఒక మూల గుండుసూదితో విప్పు. ఆ సందులో ఒక్క చుక్క నీళ్లు వదిలితే నీళ్లు లోపలికి పాకి పొర సులువుగా లేస్తుంది. బ్లేడుతో కోయాలని చూస్తే మెట్లు మెట్లుగా చీలుతుంది, పనికి రాదు. స్క్రూ గేజిలో మూడు, నాలుగు గీతలు చూపించే పొరలు ఓ పది చేసుకో. ఇప్పుడు పోలరాయిడ్లు క్రాస్ చేసి మధ్యలో పొర పెట్టి తిప్పు. పూర్తిగా చీకటయ్యే చోట గుర్తు పెట్టుకో, అది పొర అక్షం. అక్కణ్ణుంచి 45 డిగ్రీలు తిప్పి, ఇప్పుడు రెండో పోలరాయిడ్‌ను చుట్టూ తిప్పి చూడు. వెలుగు ఎటు తిప్పినా మారకపోతే నీకు సరైన పొర దొరికింది, వృత్తాకార ధ్రువణం వస్తోంది. మారితే ఇంకో పొర. నాకు ఒకసారి ఏడో పొరకు దొరికింది, ఒకసారి మొదటిదే సరిపోయింది.

అమరిక ఇలా. క్షేత్రం నిలువుగా ఉందనుకో. లేజర్ ముందు మొదటి పోలరాయిడ్ 45 డిగ్రీల వాలులో. తర్వాత ఆయిల్ సెల్. తర్వాత అభ్రకం, దాని అక్షం మొదటి పోలరాయిడ్ దిశలోనే. తర్వాత రెండో పోలరాయిడ్, మొదటిదానికి మళ్లీ 45 డిగ్రీలు తిప్పి. చివర వెలుగును కొలిచే ఫోటోడయోడ్. ఇది సెనార్మాంట్ పద్ధతి. ఆయిల్‌లో వచ్చిన ఫేజ్ తేడాని అభ్రకం సరళ ధ్రువణ భ్రమణంగా మార్చేస్తుంది, ఫేజ్‌లో సగం కోణం తిరుగుతుంది. దీనిలో ఉన్న సుఖం ఏమిటంటే కాలిబ్రేషన్ దానిలోనే ఉంది. క్షేత్రం లేకుండా రెండో పోలరాయిడ్‌ను 0.1 డిగ్రీ తిప్పి ఫోటోడయోడ్ వోల్టేజి ఎంత మారిందో రాసుకో. ఆ మార్పు 0.0035 రేడియన్ల ఫేజ్‌తో సమానం. ఏ ద్రవం స్థిరాంకం పుస్తకంలో నుంచి తెచ్చుకోనక్కర్లేదు.

ఇక డీసీ. దాన్ని వదిలేయ్. ఆయిల్‌లో డీసీ పెడితే కాసేపటికి ప్లేట్ల దగ్గర ఆవేశం పేరుకుంటుంది, క్షేత్రం అంటే వోల్టేజి బై సందు అనే లెక్క చెడుతుంది. ఆయిల్ కదలడం కూడా మొదలవుతుంది, లేజర్ చుక్క మధ్యాహ్నం హైవే మీద ఎండమావిలా వణుకుతుంది. మా రంగంలో కెర్ ప్రభావాన్ని అసలు వాడేదే ఇందుకు, ఆయిల్ లోపల క్షేత్రం ఎక్కడ ఎంత వంకరపోయిందో చూడటానికి. కానీ అది నీ రెండో ప్రాజెక్టు.

ఏసీ పెడితే ఈ గొడవలన్నీ దాదాపు పోతాయి. సైన్ వర్గం కాబట్టి సిగ్నల్ రెట్టింపు పౌనఃపున్యంలో వస్తుంది. 50 హెర్ట్జ్ ఇస్తే 100 హెర్ట్జ్. గాజు కిటికీల్లో బిగింపు వల్ల వచ్చే స్థిరమైన ద్వివక్రీభవనం అక్కడ కనపడదు, ఎందుకంటే అది ఊగదు.

ఇక్కడ నా బుద్ధి గడ్డి తిన్న కథ ఒకటి. తొంభైల్లో నేనొక ల్యాబ్‌లో ఇదే కొలత 50 హెర్ట్జ్‌తో చేశాను. మొదటి రోజే ఆసిలోస్కోప్ మీద దిట్టంగా 100 హెర్ట్జ్ అల. వోల్టేజి పెంచినా తగ్గించినా అది కదలదు. కదలకపోతే అనుమానం రావాలా వద్దా? రాలేదు. "సాచురేషన్" అని నోట్‌బుక్‌లో రాసుకున్నాను కూడా. నాలుగో రోజు సాయంత్రం కరెంటు పోయింది. హై వోల్టేజి, స్కోప్, లేజర్ మూడూ యూపీఎస్ మీద ఉన్నాయి, ఆరిపోయింది నెత్తిమీద ట్యూబ్‌లైట్ ఒక్కటే. సిగ్నల్ దాంతోపాటే పోయింది. అడుగున సన్నగా, గుర్తుపట్టలేనంత సన్నగా, అసలు సిగ్నల్ మిగిలింది. నాలుగు రోజులు నేను మా ట్యూబ్‌లైట్ కెర్ స్థిరాంకం కొలిచానన్నమాట. ట్యూబ్‌లైట్ సెకనుకు 100 సార్లు వెలిగి ఆరుతుందని నాకు తెలియక కాదు.

అందుకని 50 జోలికి పోకు. 160 హెర్ట్జ్ ఇవ్వు, 320 దగ్గర వెతుకు. కరెంటు వల్ల వచ్చే రొద 300, 350, 400 దగ్గర ఉంటుంది, 320 వాటి మధ్యలో ఖాళీ స్థలం.

160 హెర్ట్జ్‌లో 5 కిలోవోల్ట్ల శిఖరం ఎక్కణ్ణుంచి వస్తుంది అంటావు. పెళ్లిళ్లకీ తిరునాళ్లకీ పెట్టే మైక్‌సెట్ యాంప్లిఫైయర్ చూశావుగా, దాని వెనక 100 వోల్ట్ల లైన్ అవుట్‌పుట్ ఉంటుంది. ఆ యాంప్లిఫైయర్‌కు ఫంక్షన్ జెనరేటర్ (కావలసిన పౌనఃపున్యంలో అల ఇచ్చేది) కలిపి, ఆ అవుట్‌పుట్‌ను 11 కిలోవోల్ట్ల నుంచి 110 వోల్ట్లకు దించే పొటెన్షియల్ ట్రాన్స్‌ఫార్మర్‌కు తిరగేసి ఇస్తే, 35 వోల్ట్లకు 3.5 కిలోవోల్ట్లు, శిఖరం దగ్గర 5 వస్తుంది. ఎలక్ట్రికల్ ల్యాబ్‌లో ఇలాంటి ట్రాన్స్‌ఫార్మర్ మూలన పడి ఉండే అవకాశం ఎక్కువ.

కానీ ఒక్కదానివే చేయొద్దు. ఇది సరదాకి చెప్పే మాట కాదు. నువ్విప్పుడు వాడుతున్న ఈహెచ్‌టీ (హై వోల్టేజి డీసీ) సప్లై కరెంటును మిల్లీఆంపియర్లలో ఆపేస్తుంది, ఈ ట్రాన్స్‌ఫార్మర్ ఆపదు, మనిషిని చంపేస్తుంది. ఎలక్ట్రికల్ ల్యాబ్ సార్ పక్కన ఉండాలి. ట్రాన్స్‌ఫార్మర్ టెర్మినల్ దగ్గరే 270 కిలోఓమ్‌ల రెసిస్టర్లు 20 వరసగా టంకం వేసి, పీవీసీ గొట్టంలో పెట్టి, వాటి గుండానే సెల్‌కు ఇవ్వాలి. ఒకే పెద్ద విలువ రెసిస్టర్ పెడితే సరిపోదా అంటారు. పావు వాట్ రెసిస్టర్ ఒక్కోటి తట్టుకునేది 250 వోల్ట్లే, అందుకే 20. అప్పుడు సెల్ షార్ట్ అయినా పోయే కరెంటు మిల్లీఆంపియర్ కంటే తక్కువ. మొత్తం మీద అక్రిలిక్ పెట్టె బోర్లించి, మూత తీస్తే సప్లై ఆగిపోయే స్విచ్ పెట్టు. సెల్‌కు వెళ్లే తీగ జానెడు మించకుండా చూడు. పొడుగాటి షీల్డ్ కేబుల్ వేస్తే దాని కెపాసిటెన్స్ వల్ల ఆ రెసిస్టర్లలోనే వోల్టేజి పడిపోయి, నువ్వు అనుకున్నంత సెల్ దాకా చేరదు.

ఫోటోడయోడ్ మీద 2 వోల్ట్ల స్థిరమైన వెలుగు ఉంటే, దాని మీద దాదాపు 9 మిల్లీవోల్ట్ల ఊగుడు రావాలి, పై నుంచి కింద దాకా కొలిస్తే. లాక్-ఇన్ యాంప్లిఫైయర్ (రొదలోంచి ఒక్క పౌనఃపున్యాన్నే ఏరి కొలిచేది) లేదని బెంగ వద్దు. ఫోటోడయోడ్ సిగ్నల్‌ను కంప్యూటర్ సౌండ్ కార్డుకు ఇచ్చి రెండు నిమిషాలు రికార్డు చేసి ఎఫ్ఎఫ్‌టీ (సిగ్నల్‌ను పౌనఃపున్యాలుగా విడదీసే లెక్క) తీస్తే 320 దగ్గర ముల్లులా నిలబడుతుంది. సౌండ్ కార్డు డీసీని వదిలేస్తుంది, ఆ 2 వోల్ట్లు మల్టీమీటర్‌తో విడిగా చదువుకో. లేజర్ పాయింటర్‌కు సెల్స్ బదులు మంచి 3 వోల్ట్ల సప్లై ఇవ్వు. అది వేడెక్కి కుదురుకోవడానికి అరగంట పడుతుంది, ఈలోపు తీసిన రీడింగులు పారేయ్.

ముల్లు కనపడగానే గంతులు వేయకుండా కొన్ని పరీక్షలు చేయాలి. ముందు పుంజానికి అట్ట అడ్డం పెట్టు. 320 ఇంకా ఉందంటే అది వెలుగు కాదు, తీగలు పట్టుకున్న రొద. తర్వాత రెండో పోలరాయిడ్‌ను 90 డిగ్రీలు తిప్పు. సిగ్నల్ పరిమాణం అంతే ఉండి ఫేజ్ తిరగబడాలి. ఇవి రెండూ అందరూ చేస్తారు. అందరూ మర్చిపోయేది మూడోది: మొదటి పోలరాయిడ్‌ను క్షేత్రం దిశకు సమాంతరంగా పెట్టు, అభ్రకాన్నీ రెండో పోలరాయిడ్‌నూ దాంతోపాటే అంతే కోణం తిప్పు. అప్పుడు కెర్ సిగ్నల్ సున్నా కావాలి, ఎందుకంటే కాంతి రెండు భాగాలుగా చీలడమే లేదు. సున్నా కాలేదంటే పుంజం వంగుతోందనో, ప్లేట్లు వణుకుతున్నాయనో అర్థం. రెండు ప్లేట్ల మధ్య ఆకర్షణ కూడా వోల్టేజి వర్గమే కదా, అదీ సరిగ్గా 320 దగ్గరే వస్తుంది. వదులుగా నిలబెట్టిన ప్లేట్లు ఈ పరీక్షలో దొరికిపోతాయి.

స్థిరాంకం అంకెలో పెద్ద తప్పు వచ్చేది సందు కొలతలో. సందు వర్గంలో వస్తుంది కాబట్టి 3 మిల్లీమీటర్లలో 0.1 తేడా ఉంటే జవాబులో 7 శాతం పోతుంది. స్కేలుతో కొలవొద్దు. బండి మెకానిక్ ట్యాపెట్లకు వాడే ఫీలర్ గేజి రేకులు పేర్చి, రెండు చివర్లా మధ్యలోనూ చూడు. ప్లేట్ల అంచులు ఎమరీ పేపరుతో గుండ్రంగా రుద్దాలి. క్షేత్రం ప్లేట్ల చివర దాటి కాస్త బయటికి ఉబుకుతుంది, ఈ ప్రాజెక్టు స్థాయికి పొడవులో అర సందంత, అంటే దాదాపు 1.5 శాతం, కలుపుకుంటే చాలు. ఉష్ణోగ్రత ప్రతి రీడింగు పక్కనా రాయి. మే నెలలో ఒంగోలు ల్యాబ్‌లో పొద్దున గదికీ మధ్యాహ్నం గదికీ పోలికే ఉండదు, స్థిరాంకం కూడా ఉష్ణోగ్రతతో మారుతుంది.

ఆయిల్ సీల్ డబ్బాలోంచి కొత్తదే తీసుకున్నానన్నావు, మంచిది. లైన్‌మన్‌ను అడిగి పాత ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ తెచ్చుకోవద్దు, చాలా పాతవాటిలో పీసీబీలు అనే విషపదార్థాలు ఉండొచ్చు. కోస్తా గాలికి మూత తీసి రాత్రంతా వదిలేస్తే ఆయిల్ తేమ పీలుస్తుంది, వాడనప్పుడు మూసి ఉంచు.

నైట్రోబెంజీన్ సంగతి. మీ సార్ ఎందుకు అడుగుతున్నారో నాకు తెలుసు. దాని కెర్ స్థిరాంకం నీ ఆయిల్‌కి వెయ్యి రెట్ల పైమాటే, నీ సెల్‌లో పోసి అదే 5 కిలోవోల్ట్లు ఇస్తే క్రాస్ పోలరాయిడ్ల మధ్య కంటికే వెలుగు కొడుతుంది. ఒకప్పుడు అతివేగపు కాంతి షట్టర్లు దాంతోనే చేసేవారు. 1928లో కరోలస్, మిట్టెల్‌స్టేట్ అనే జర్మన్లు అలాంటి షట్టర్‌తో (కెర్ సెల్ అంటారు) కాంతి వేగం కూడా కొలిచారు. కానీ అది చర్మం గుండా ఒంట్లోకి పోతుంది, రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని చెడగొడుతుంది. బాదం వాసన బాగుందనిపిస్తుంది, అదే ప్రమాదం. మంచి ఫ్యూమ్ హుడ్, దానికి తగ్గ చేతి తొడుగులు లేని డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో దాని సీసా మూత తీయకూడదు. కార్బన్ డైసల్ఫైడ్ వాడదామని ఎవరన్నా అన్నా వద్దను, అది 100 డిగ్రీల వేడి కూడా లేని ఉపరితలం తగిలితే అంటుకుంటుంది. మంచినీళ్లు? నీళ్ల స్థిరాంకం ఆయిల్ కంటే చాలా ఎక్కువే, కానీ కరెంటు పారి వేడెక్కుతాయి. ఎంత శుద్ధి చేసినా చిన్న చిన్న పల్స్‌లతోనే చేయాలి, నీ దగ్గరున్న సరంజామాతో కుదరదు.

రెండో ద్రవం కావాలి, పోల్చి చూపించాలి అని ఎగ్జామినర్ పట్టుబడితే డిస్‌ప్లేలకు సంబంధించిన 5సీబీ అనే లిక్విడ్ క్రిస్టల్ ఉంది. 35 డిగ్రీలు దాటితే అది మామూలు ద్రవంలా తేటపడుతుంది, ఆ పైన రెండు మూడు డిగ్రీల లోపల దాని కెర్ స్థిరాంకం నైట్రోబెంజీన్‌ను దాటిపోతుంది. మన ఎండల్లో హీటర్ కూడా అక్కర్లేదేమో. గ్రాము ధర చూశాక మాత్రం మీ హెచ్ఓడీ దగ్గరికి నువ్వే వెళ్లు, నా పేరు చెప్పకు.

ముందు ఆయిల్‌తో 1 కిలోవోల్ట్ నుంచి 5 దాకా అర అర పెంచుతూ తొమ్మిది రీడింగులు తీయి. 320 హెర్ట్జ్ సిగ్నల్‌ను ఫోటోడయోడ్ డీసీతో భాగించి, వోల్టేజి వర్గానికి ఎదురుగా గీయి. సరళరేఖ వచ్చి సున్నా గుండా పోతే వాలులోంచి స్థిరాంకం తీసేయొచ్చు. రేఖ సున్నా దగ్గర కాస్త పైకి లేచి ఉంటే, ఆ మూడో పరీక్ష మళ్లీ చేసి, ప్లేట్ల స్క్రూలు బిగించి, రీడింగులూ గది ఉష్ణోగ్రతా ఇక్కడే పెట్టు, చూస్తాను. ట్యూబ్‌లైట్లు ఆర్పేశావో లేదో కూడా రాయి.